కంటి క్రింది ఉబ్బు: కారణాలు, నివారణ, మన బాధ్యత

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దల మాట. మనిషిని మనిషి పలుకరించేటప్పుడు చూపు మొట్టమొదట నిలిచేది కూడా కన్నుల మీదనే. అందువల్ల కంటి చుట్టూ కలిగిన స్వల్పమైన మార్పు సైతం ముఖమంతటినీ మార్చివేసినట్లు తోస్తుంది. "ఒంట్లో బాగుండలేదా?" అనీ, "రాత్రి నిద్ర లేదా?" అనీ ఆత్మీయులు అడిగే ప్రశ్నలకు మూలం చాలాసార్లు కంటి క్రింది ఉబ్బే. కళ్ళు ఉబ్బాయనీ, కళ్ళు పీక్కుపోయాయనీ తెలుగువారంటారు. కంటి చుట్టూ నల్లబడితే ఉర్దూలో 'సియాహ్ హల్ఖే' అంటారు. ఏ భాషలో చెప్పినా ఆ మాటలో కొంత జాలి, కొంత అనుమానం ధ్వనిస్తాయి.

సాహిత్యం, చరిత్ర, దేశభక్తి వంటి గంభీర విషయాలకు తావైన కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుడొకడు ఈ విషయాన్ని గురించి వ్రాయబూనటం కొందరికి వింతగా తోచవచ్చు. కాని వేదికపై నిలిచి పాఠం చెప్పేవానికి ప్రతి ఉదయం ఎదురుగా కనిపించేవి యాభై అరవై జతల కన్నులు. పదునెనిమిదేళ్ళ ప్రాయంలోనే బరువెక్కిన రెప్పలు, రెప్పల క్రింద ఉబ్బిన సంచులు వాటిలో ఎన్నో కనిపిస్తాయి. విద్యార్థి అద్దం ముందు నిలిచి దిగులుపడతాడు; అంగడికి పోయి ఏదో ఒక క్రీము కొంటాడు. ఇంటిలో పెద్దలు దిష్టి తీస్తారు. తరగతిలో గురువులు సోమరితనమని మందలిస్తారు. కారణమేమిటని వెదకేవారు మాత్రం అరుదు.

నా దృష్టిలో కంటి క్రింది ఉబ్బు శరీరం వ్రాసిన ఉత్తరం వంటిది. అందులో ఎక్కువసార్లు ఉండేది నిద్రలేమి కబురు. అప్పుడప్పుడు వ్యాధి కబురు ఉంటుంది. కొన్నిసార్లు వంశం పోలిక తప్ప మరేమీ ఉండదు. ఈ మూడింటినీ వేరుచేసి గుర్తించటం విద్యార్థులు నేర్వవలసిన విద్య. మొదటి రెండింటి విషయంలో వారికి తోడ్పడటం కళాశాల యాజమాన్యం బాధ్యత. ఈ రెండు మాటలను నిరూపించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్మాణం

సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం బాగ్దాదు నగరంలో అలీ ఇబ్న్ ఈసా అనే నేత్రవైద్యుడు అరబ్బీ భాషలో రచించిన గ్రంథం శతాబ్దాలపాటు వైద్యులకు పాఠ్యగ్రంథంగా నిలిచింది. ఆయన దానిని మూడు భాగాలుగా విభజించాడు. మొదటి భాగంలో కంటి నిర్మాణాన్ని, రెండవ భాగంలో పైకి కనిపించే వ్యాధులను, మూడవ భాగంలో లోపల దాగిన వ్యాధులను వివరించాడు. నిర్మాణం తెలియనిదే వ్యాధి తెలియదు, వ్యాధి తెలియనిదే మందు తెలియదు అన్న వివేకం ఆ క్రమంలోనే ఉన్నది. మనమూ నిర్మాణంతోనే ప్రారంభిద్దాం.

రెప్పల చర్మం శరీరంలోకెల్లా పలుచనైనది. దాని మందం ఒక మిల్లీమీటరుకంటె తక్కువ. అందువల్ల అక్కడ ఏ కొద్ది నీరు చేరినా వెంటనే ఉబ్బుగా తేలుతుంది. లోపలి సన్నని రక్తనాళాల ఛాయ కూడా సులభంగా బయటపడుతుంది. ఇక కనుగుడ్డు ఎముక గూటిలో ఒరసుకోకుండా దాని చుట్టూ కొవ్వు దిండ్లు అమరి ఉంటాయి. క్రింది రెప్ప వెనుక ఇటువంటివి మూడున్నాయి. ఇవి ముందుకు జారకుండా ఒక పలుచని పొర గోడవలె నిలిచి ఆపుతుంది. వయస్సు పెరిగేకొద్దీ ఆ గోడ సడలుతుంది. దిండ్లు ముందుకు పొంగుతాయి. పెద్దవారి ముఖాలలో కనిపించే శాశ్వతమైన సంచులు ఇవే.

దీనినిబట్టి, మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు స్థితులని తెలుస్తున్నది. కొవ్వు ముందుకు పొంగిన సంచి ఉదయమైనా సాయంకాలమైనా ఒకే తీరుగా ఉంటుంది. నీరు చేరిన ఉబ్బు నిద్ర లేవగానే ఎక్కువగా ఉండి, లేచి తిరిగిన కొలది తగ్గుతుంది. రాత్రంతా పరుండి ఉన్నందువల్ల ముఖంలో నిలిచిన నీరు, మనం నిలబడి నడిచేసరికి క్రిందికి దిగటమే దీనికి కారణం. మూడవది నల్లని వలయం. ఇది ఉబ్బు కాదు; చర్మపు రంగు చిక్కబడటం వల్లనో, రక్తనాళాలు పైకి కనిపించటం వల్లనో, కంటి క్రింది గుంట నీడ వల్లనో కలుగుతుంది. నాలుగు రోజులపాటు ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి అద్దంలో చూచుకొన్నవారు తమది వీటిలో ఏదో చాలావరకు తామే గుర్తింపగలరు. ఖర్చు లేని ఈ పరీక్ష తరువాతనే చికిత్స మాట.

కారణాలు

విద్యార్థుల విషయంలో ప్రథమ కారణం నిద్రలేమి. స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2010లో ఒక పరిశోధన ప్రకటించారు. 23 మంది యువతీయువకులను చక్కగా నిద్రించిన తరువాత ఒకసారి, 31 గంటలపాటు మేలుకొన్న తరువాత మరొకసారి ఫొటోలు తీసి, ఈ సంగతి తెలియని 65 మందికి చూపించారు. నిద్రలేని ముఖాలను వారు ఆరోగ్యం తక్కువైనవిగా, అలసినవిగా, ఆకర్షణ తగ్గినవిగా నిర్ణయించారు. 2013లో అదే నగరం నుండి వెలువడిన మరొక పరిశోధన ఆ గుర్తులేమిటో వివరించింది: వాలిన రెప్పలు, ఎర్రబడిన కన్నులు, ఉబ్బిన కన్నులు, నల్లని వలయాలు. మన అమ్మలు చదువు లేకపోయినా ఏనాడో గుర్తించిన సంగతినే శాస్త్రజ్ఞులు కొలతలు వేసి ధ్రువపరిచారు.

పదమూడు నుండి పదునెనిమిదేళ్ళ వయస్సువారికి రోజుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర, ఆ పైవారికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. శరీరంలోని ప్రతి కణంలో పగటికీ రాత్రికీ అనుగుణంగా నడిచే గడియారమొకటి ఉన్నది. దాని యంత్రాంగాన్ని కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అర్ధరాత్రి దాటేవరకు ముఖానికి దగ్గరగా మొబైల్ ఫోను పట్టుకొని పరుండే విద్యార్థి ఆ గడియారం ముల్లును తానే వెనుకకు త్రిప్పుతున్నాడు. పరీక్షల ముందు తేనీటి బలంతో రాత్రంతా చదివేవాడు కూడా నష్టపోతున్నాడు. పగలు చదివినదానిని మెదడు స్థిరపరచుకొనేది నిద్రలోనే గనుక, నిద్ర మాని సంపాదించిన చదువు చిల్లుల కుండలో పోసిన నీరవుతుంది.

అయితే నిద్రలేని వారందరూ ఫోనుకు దాసులని అనటం అన్యాయం. మన కళాశాల వంటి సంస్థలకు వచ్చే పిల్లలలో కొందరు రాత్రిపూట హోటళ్ళలో బల్లలు తుడిచి, దుకాణాలలో లెక్కలు వ్రాసి, ఆటోలు నడిపి ఫీజు కట్టుకొంటున్నవారే. ఇంటిలో కుట్టుపని, కార్చోబీ పని చేసే అమ్మాయిలు పండుగలకూ పెళ్ళిళ్ళకూ ముందు తెల్లవారేవరకు దీపం వెలుతురులో సూది పట్టుకొంటారు. అటువంటి విద్యార్థి మొదటి గంటలో కునికితే, "రాత్రి సినిమాకు పోయావా?" అని తరగతి అంతా నవ్వేటట్లు అడగటం న్యాయమేనా? ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెతలోని సత్యం ఆ కునుకులో ఉన్నది. అతని కంటి క్రింది సంచులు అతని కష్టానికి గుర్తులు. వాటిని పరిహాసించే హక్కు ఎవరికీ లేదు.

రెండవ కారణం ఉప్పు. ఉప్పు శరీరంలో నీటిని పట్టి ఉంచుతుంది. పెద్దవారు రోజుకు 5 గ్రాములకంటె తక్కువ, అంటే ఇంచుమించు ఒక టీ చెంచాడుకు మించని ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ, బజారు బజ్జీ, పొట్లాలలో దొరికే చిరుతిండి - ఇవన్నీ కూడితే ఆ హద్దు ఎంత సులువుగా దాటుతామో ఎవరికి వారే ఊహించుకోవచ్చు. రాత్రి ఆలస్యంగా ఇటువంటివి తిని పరుండిన వారికి తెల్లవారేసరికి కళ్ళు ఉబ్బటంలో ఆశ్చర్యం లేదు.

మూడవది దుమ్ము, పుప్పొడి మొదలైన వాటివల్ల కలిగే పడిశం, తుమ్ములు, కంటి దురద. దురద పుట్టగానే కన్ను నలుపుకోవటం సహజం. నలుపుకొన్న కొలది చర్మం వాచి, క్రమంగా నల్లబడుతుంది. మన ఊళ్ళలో ఖాళీ స్థలాలన్నింటినీ ఆక్రమించిన వయ్యారిభామ మొక్క పుప్పొడి ఇటువంటి బాధకు పేరుపడినది. కళ్ళజోడు అవసరమై ఉండీ బిడియంతో పెట్టుకోనివారు నల్లబల్లను చూడటానికి కళ్ళు చికిలించి, నలుపుకొంటూ అదే ఫలితాన్ని తెచ్చుకొంటారు.

నాలుగవది రక్తహీనత. రక్తహీనతవల్ల ముఖం పాలిపోయినప్పుడు కంటి చుట్టూ ఉన్న నలుపు మరింత స్పష్టమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఆడపిల్లలు కంటి నలుపుకు క్రీము వెదకటానికి ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవటం ఎందుకు మేలో ఈ సంఖ్యే చెబుతున్నది.

ఐదవది వంశలక్షణం. తండ్రికో, మేనత్తకో ఉన్న సంచులు పిల్లలకు చిన్ననాటనే రావచ్చు. ఇది రోగం కాదు. దీనికి మందు అక్కరలేదు. ముక్కు తీరు, గడ్డం తీరు ఎటువంటివో ఇదీ అటువంటిదే. పెళ్ళిచూపులలో అమ్మాయి కంటి క్రింది నీడను లెక్కపెట్టే పెద్దలు తమ ఇంటి అద్దంలో ఒకసారి చూచుకోవటం మంచిది.

వ్యాధి సూచనలు

ఇప్పుడు చెప్పబోయేది ఈ వ్యాసమంతటిలో ముఖ్యమైనది. కొన్ని మూత్రపిండాల వ్యాధులలో రక్తంలోని మాంసకృత్తులు మూత్రంతో పాటు బయటికి పోతాయి. రక్తంలో అవి తగ్గినప్పుడు నీరు కణజాలంలోకి చేరుతుంది. మొదట ఆ వాపు కనిపించేది చాలామందిలో కంటి చుట్టూనే, అదీ ఉదయం వేళనే. తరువాత పాదాలు వాస్తాయి. మూత్రంలో నురుగు ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని నిద్రలేమి అనుకొని నెలల తరబడి ఉపేక్షిస్తే నష్టం అపారం. మూత్రంలో అల్బుమిన్ ఉన్నదో లేదో చూచే పరీక్ష ఎంతో చౌకైనది, క్షణాలలో ముగిసేది.

థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు కూడా ముఖం, రెప్పలు ఉబ్బుతాయి. దానితో పాటు బడలిక, బరువు పెరగటం, చలికి ఓర్వలేకపోవటం, మలబద్ధకం ఉండవచ్చు. ఆ గ్రంథి మితిమీరి పనిచేసే ఒక వ్యాధిలో కనుగుడ్లు ముందుకు వచ్చినట్లు కనిపిస్తాయి. ఒకే కంటికి వాపు వచ్చి, నొప్పి, జ్వరం, చూపు మసకబారటం తోడైతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. పెదవులు, ముఖం హఠాత్తుగా వాచి ఊపిరాడకపోతే తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

నివారణ

కారణం తెలిసిన తరువాత నివారణ కఠినం కాదు. రెండు వారాలపాటు ఒకే వేళకు పరుండి, ఒకే వేళకు లేవటం మొదటి చికిత్స. పరుండటానికి గంట ముందు ఫోనును మరొక గదిలో ఉంచాలి. తలగడ కొంచెం ఎత్తుగా పెట్టుకొంటే ముఖంలో నీరు నిలవటం తగ్గుతుంది. రాత్రి భోజనంలో ఉప్పు తగ్గించాలి. ఉదయం చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పల మీద పది నిమిషాలు ఉంచితే రక్తనాళాలు ముడుచుకొని ఉబ్బు కొంత తగ్గుతుంది. కీరదోస ముక్కల మహిమ కూడా వాటి చల్లదనంలోనే ఉన్నది. అవి లేనివారు చింతించనక్కరలేదు. కుండ నీరు చాలు. దురద, తుమ్ములు ఉన్నవారు కన్ను నలపటం మాని వైద్యుని అడిగి మందు వాడాలి. సిగరెట్టు చర్మపు పటుత్వాన్ని త్వరగా చెరుస్తుంది గనుక దాని జోలికి పోరాదు.

కొవ్వు సంచులకు క్రీములు పనిచేయవు. ఆ కొవ్వును తొలగించటానికో, సర్దటానికో శస్త్రచికిత్స ఉన్నది. అది ఖర్చుతో కూడినది. నడివయస్సు దాటినవారు నిపుణులతో ఆలోచించి నిర్ణయించుకోవలసినది. విద్యార్థి దశలో దాని ప్రసక్తి దాదాపుగా లేదు.

అంగడి క్రీములను గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. ముఖాన్ని తెలుపు చేస్తాయని చేతికి వచ్చే కొన్ని క్రీములలో స్టీరాయిడ్లు ఉంటాయి. వాటిని కంటి చుట్టూ చాలాకాలం రాస్తే చర్మం మరింత పలుచబడుతుంది. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు కలిగే ప్రమాదం ఉన్నది. అందుచేతనే 2018లో కేంద్ర ప్రభుత్వం అటువంటి 14 మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమం చేసింది. మరికొన్ని క్రీములలో పాదరసం కలుపుతారు. కేరళలోని మలప్పురం జిల్లాలో వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు ఒక రకమైన మూత్రపిండాల వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఒక ప్రత్యేక లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడటానికి క్రీములు వాడినవారే. ఆ వ్యాధి గుర్తులలో ఒకటి కంటి చుట్టూ వాపు! అందం కోసం రాసుకొన్నది చివరకు ఆ ముఖాన్నే వాచేటట్లు చేసింది.

సుర్మా విషయంలోనూ జాగ్రత్త అవసరం. సుర్మా పెట్టుకోవటం మన ఇళ్ళలో గౌరవంతో పాటించే అలవాటు. కాని ఆ పేరుతో అంగళ్ళలో అమ్మే కొన్ని పొడులలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. సీసం శరీరంలో చేరితే, ముఖ్యంగా పసిపిల్లలకు, మెదడు ఎదుగుదలకు హాని. ఎక్కడ తయారైనదో తెలియని పొడిని కంటికి దూరంగా ఉంచటం అలవాటుకు అవమానం కాదు. ఆ అలవాటు వెనుక ఉన్న ఆరోగ్య భావనకే అది అనుకూలం.

కళాశాల బాధ్యత

విద్యార్థులకు ఇన్ని హితవులు చెప్పి, నిద్రకు అవకాశం లేని కాలపట్టికను వారి చేతిలో పెట్టటం సమంజసం కాదు. అందుచేత కళాశాల కమిటీ పెద్దల పరిశీలనకు కొన్ని సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాను.

మొదటిది, ఏడాదికొకసారి ప్రతి విద్యార్థికీ రక్తపోటు, రక్తంలో హిమోగ్లోబిన్, మూత్రంలో అల్బుమిన్, చూపు - ఈ నాలుగు పరీక్షలు కళాశాలలోనే జరిపించాలి. ప్రభుత్వ వైద్యశాల సహకారం కోరితే ఇది అసాధ్యం కాదు. అల్లోపతి అయినా, యునానీ అయినా, ఎవరికి నమ్మకమైన వైద్యుని వద్దకు వారు పోవచ్చు. కాని పరీక్ష మాత్రం జరగాలి.

రెండవది, అంతర్గత పరీక్షలన్నింటినీ ఒకే వారంలో కుదించరాదు. పరీక్షకూ పరీక్షకూ నడుమ ఒక్కరోజు విరామం ఇచ్చినా రాత్రి జాగరణలు తగ్గుతాయి.

మూడవది, వసతిగృహంలో రాత్రి పదిన్నరకు పడకగదుల దీపాలు ఆర్పే నియమం ఉండాలి. చదువుకోదలచినవారికి వేకువన ఒక హాలు తెరచి ఉంచాలి.

నాలుగవది, రంజాన్ మాసంలో తరావీహ్ నమాజు ముగించి పడుకొన్నవారు మళ్ళీ సహరీకి లేస్తారు. నిద్ర రెండు ముక్కలవుతుంది. ఆ నెలలో తరగతులు గంట ఆలస్యంగా ప్రారంభించి, విరామాలు తగ్గించి త్వరగా ముగిస్తే, మధ్యాహ్నం ఇంటిలో కొంత విశ్రమించవచ్చు. 'ఖైలూలా' పేరుతో మధ్యాహ్నపు కునుకు మన పెద్దలకు కొత్తది కాదు. ఉపవాసం ఉండని విద్యార్థులకు కూడా ఈ మార్పువల్ల నష్టమేమీ లేదు.

ఐదవది, ఆవరణలోని వయ్యారిభామను పూత పూయకముందే పెరికించాలి. పెరికేవారికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ ఇవ్వాలి.

ఆరవది, రాత్రిపూట పనిచేసి చదువుకొంటున్న విద్యార్థుల జాబితా ఒకటి గోప్యంగా తయారు చేయించి, వారికి ఫీజులో రాయితీనో, వాయిదా సౌకర్యాన్నో కల్పించాలి. ఈ సూచనలలో ఖర్చు గలది ఇదొక్కటే. కాని ఒక బీద విద్యార్థికి ప్రతి రాత్రి రెండు గంటల నిద్రను దానం చేయటంకంటె పుణ్యకార్యం, సవాబు గల కార్యం మరేముంటుంది?

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ముఖాలలో లోపాలు వెదకి, వాటికి వెల కట్టి అమ్మేవారు నేడు మీ చేతిలోని ఫోనులోనే కూర్చొని ఉన్నారు. వారి మాట వినటానికి ముందు మీ శరీరం చెప్పే మాట వినండి. రెండు వారాలు నియమంగా నిద్రించండి. ఉబ్బు తగ్గితే కారణం మీకే తెలుస్తుంది. తగ్గక, ప్రతి ఉదయం కళ్ళు వాస్తూ, పాదాలు బరువెక్కుతూ ఉంటే, సిగ్గుపడక, జాగు చేయక వైద్యుని దర్శించండి. మీ తండ్రిగారి పోలికే అని తేలితే నిశ్చింతగా ఉండండి. తెల్లవారుజామున లేచి మిమ్మల్ని బడికి పంపిన అమ్మల కన్నుల క్రింద కూడా అవే సంచులున్నాయి. వాటిని చూచి మనలో ఎవరమూ ఏనాడూ అందం తగ్గిందని అనుకోలేదు.